కోకిలకు షడ్జమం ఎవరిచ్చారు?

మన కావ్యాల్లో వసంతం వచ్చిందంటే కోకిల పంచమస్వరంలో కూయవలసిందే. నెమలిది షడ్జమం, క్రౌంచపక్షిది మధ్యమం, ఏనుగుది నిషాదం. ఇలా సప్తస్వరాలనూ పశుపక్ష్యాదులకు పంచిపెట్టే సంప్రదాయం నారదీయ శిక్షలోనే కనబడుతుంది. కవులు దానిని అందుకున్నారు, వ్యాఖ్యాతలు వివరించారు, మేము పాఠం చెప్పాము. కాని ఒక్క క్షణం నిలిచి ఆలోచిస్తే ఇందులో ఒక చిక్కుంది. పంచమం అనేది షడ్జమం నుండి లెక్కించగా అయిదవ స్వరం. షడ్జమం ఏదో తెలియనిదే పంచమం ఏదో తెలియదు. మరి మామిడికొమ్మ మీది కోకిలకు షడ్జమం పట్టి ఇచ్చిన తంబుర ఏది? పైగా ఎండాకాలపు తెల్లవారుజామున మగకోకిల కూతను శ్రద్ధగా విన్నవారికి తెలుసు, అది ఒక శ్రుతిలో నిలవదు. కూతకూతకూ కొంత పైకెక్కుతూ పోయి, ఇక ఎక్కలేనన్నట్టు చటుక్కున ఆగి, మళ్ళీ కిందినుండి మొదలుపెడుతుంది.

ఇది వట్టి చమత్కారం కోసం వేసిన ప్రశ్న కాదు. తంబుర మీటకుండా, హార్మోనియం మెట్టు నొక్కి చూడకుండా, చెవినబడిన ధ్వనికి "ఇది ఫలానా స్వరం" అని అప్పటికప్పుడు పేరు పెట్టగలిగేవారు లోకంలో కొందరున్నారు. ఆ శక్తిని ఆంగ్లంలో అబ్సల్యూట్ పిచ్ అంటారు. పర్ఫెక్ట్ పిచ్ అనే మాట ఇంకా ఎక్కువ వాడుకలో ఉంది. తెలుగులో దీనిని నిరపేక్ష శ్రుతిజ్ఞానం అనవచ్చునని నా అభిప్రాయం. అపేక్ష అంటే ఇక్కడ కోరిక కాదు, మరొకదానిపై ఆధారపడడం. ఒక స్వరాన్ని మరొక స్వరంతో పోల్చి గుర్తించడం సాపేక్షం. ఏ పోలికా లేకుండా గుర్తించడం నిరపేక్షం. "పరిపూర్ణ శ్రుతిజ్ఞానం" అని మాత్రం అనువదించరాదు. అలా అంటే అది లేనివారి జ్ఞానం అపూర్ణమని చెప్పినట్లవుతుంది. ఈ విషయంలోని అపోహ అంతా ఆ ఒక్క విశేషణంలోనే ఉంది.

ఆ అపోహ మా ఇంటిదాకా వచ్చింది. అమెరికాలో ఉన్న మా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ, బడిలో వయొలిన్ కూడా వాయిస్తోంది. అక్కడ ఎవరో పిల్లలందరికీ ఫోనులో ఒక ఆట పెట్టారట. స్వరం వినిపిస్తుంది, దాని పేరు చెప్పాలి. ఒక పిల్లవాడు అన్నీ చెప్పాడట. మా అమ్మాయి ఇరవైలో మూడు చెప్పింది. "నాకు పర్ఫెక్ట్ పిచ్ లేదు తాతయ్యా, ఇప్పుడిక రాదట కూడా, నాకు మ్యూజిక్ రాదు" అని ఫోనులో చెప్పింది. వెనకనుండి మా అబ్బాయి "మానిపించేద్దామా నాన్నా, ఆ సమయంలో లెక్కలైనా చేసుకుంటుంది" అన్నాడు. నేను సంగీతజ్ఞుణ్ణి కాను, వినికిడివాణ్ణి. కాని సమాధానం చెప్పవలసిన స్థానంలో ఉన్నాను కనుక కొంత చదివాను, కొంత ఆలోచించాను.

ముందుగా ఆ శక్తికి ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. ఇది పదివేలమందిలో ఒకరికి ఉంటుందని తరచుగా చెప్పే అంచనా. మొజార్ట్ ఏడేళ్ళ వయసులో వాద్యాల స్వరాలనే గాక గంటల, గడియారాల చప్పుళ్ళ స్వరాలను కూడా పేరు పెట్టి చెప్పేవాడని 1763లో ఒక జర్మన్ పత్రికలో అచ్చయిన లేఖ చెబుతుంది. ఈ శక్తి ఉన్నవారికి స్వరాన్ని గుర్తించడం, మనం తంగేడుపువ్వును చూసి పసుపుపచ్చ అన్నంత సులభం. పక్కన ఎరుపు పెట్టుకొని పోల్చుకోనక్కరలేదు. చిన్ననాటనే, ఆరేడేళ్ళలోపు సంగీతం మొదలుపెట్టినవారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది. పసితనంలోనే చూపు కోల్పోయిన సంగీతజ్ఞులలోనూ ఎక్కువే. ఆ వయసు దాటాక కొత్తగా అలవడడం చాలా అరుదు. కనుక మా మనుమరాలికి ఎవరో చెప్పినదాంట్లో ఈ ముక్క నిజమే.

కాని దీనికీ సంగీతప్రతిభకూ ఉన్న సంబంధమేమిటి? మొజార్ట్‌కు ఉన్నది నిజమే గాని, వాగ్నర్‌కూ షూమన్‌కూ లేదని చెబుతారు. ఒకరిద్దరి ఉదాహరణలతో ఏదీ తేలదు కనుక లెక్కలు చూద్దాం. 2006లో డయానా డాయిచ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, ఆమె సహచరులు రెండు గొప్ప విద్యాలయాల విద్యార్థులను పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఒకటి బీజింగ్‌లోని కేంద్ర సంగీత విద్యాలయం, రెండవది అమెరికాలో రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయం. నాలుగైదేళ్ళ వయసులోనే సంగీతం మొదలుపెట్టినవారిని మాత్రమే తీసుకుంటే, చైనా విద్యార్థుల్లో సుమారు 60 శాతం మందికి ఈ శక్తి ఉంది. అమెరికా విద్యార్థుల్లో సుమారు 14 శాతం మందికే ఉంది. దీనికి డాయిచ్ చూపే కారణం భాష. మాండరిన్‌లో "మా" అనే ఒక్క అక్షరం పలికే స్వరాన్నిబట్టి అమ్మ అవుతుంది, గుర్రం అవుతుంది, తిట్టడం కూడా అవుతుంది. అటువంటి భాషలో పెరిగే శిశువు, మాటలతోపాటే స్వరాలకు పేర్లు తగిలించడం నేర్చుకుంటుందని ఆమె వాదం.

ఈ లెక్కను తిరగేసి చూడండి. ఈస్ట్‌మన్ వంటి చోట ప్రవేశం దొరకడమే కష్టం. అక్కడ, అంత చిన్నతనంలో మొదలుపెట్టినవారిలో కూడా నూటికి ఎనభైమందికి పైగా ఈ శక్తి లేకుండానే చదువుకుంటున్నారు. వారిని ఎంపిక చేసిన ఆచార్యులు వారిలో మరేదో విన్నారు.

ఆ "మరేదో" ఏమిటో నేను పుస్తకాలకంటె ముందు మా ఊళ్ళో చూశాను. మాది తెనాలి ప్రాంతం. నా చిన్ననాట పద్యనాటకం లేని తిరునాళ్ళ లేదు. మా ఊళ్ళో ఒక హార్మోనిస్టు ఉండేవారు. నూతిదగ్గర బిందె రాతికి తగిలి మోగితే "అయిదున్నర" అనేవారు. రైలు కూత వినబడితే "రెండు, కొంచెం దిగింది" అనేవారు. మన నాటకాలవాళ్ళ లెక్కలో హార్మోనియం మొదటి తెల్లమెట్టు ఒకటి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, ఇలా ఏడుదాకా శ్రుతులు. ఆయనకు పెట్టె ముట్టుకోకుండానే అన్నీ తెలుసు. మా పిల్లలకు ఆయన మంత్రగాడితో సమానం. కృష్ణుడి వేషం వేసే రైతు ఒకాయన ఉండేవాడు. ఆయనకు అయిదంటే ఏమిటో, ఆరంటే ఏమిటో తెలియదు. పెట్టె పలికిన చోటునుంచి అందుకుని పాడేవాడు, అంతే.

ఒకసారి పొరుగూరి ఆటకు ఈయన పెట్టె చెడిపోయి ఎవరిదో పాతపెట్టె తెచ్చారు. దాని నాలుకలన్నీ దిగిపోయి, ఆరో మెట్టు నొక్కితే అయిదున్నరకూ ఆరుకూ నడుమ ఎక్కడో పలికేది. ఆ రాత్రి రాయబారం. హార్మోనిస్టుగారు పడిన యాతన ఇంతా అంతా కాదు. వేళ్ళు ఒకటి చెబుతుంటే చెవి మరొకటి చెప్పేది. మెట్టు మెట్టుకూ తడబడ్డారు. విరామంలో తెరవెనుక "ఈ పెట్టె అబద్ధమాడుతోందయ్యా" అని తల పట్టుకున్నారు. కృష్ణవేషధారికి మాత్రం ఏ తేడా తెలియలేదు. పెట్టె ఎక్కడ పలికితే అదే ఆయనకు షడ్జమం. తెల్లవార్లూ పద్యాల మీద పద్యాలు ఒన్సుమోరులతో పాడి, శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదు.

హార్మోనిస్టుగారిని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన గొప్ప విద్వాంసుడే. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, రాగం ఎంతవరకు సాగదీస్తాడో ముందే పసిగట్టి వెన్నంటి ఉండేవారు. అయితే ఆయన్ను విద్వాంసుణ్ణి చేసింది అది. బిందె మోతకు అంకె చెప్పడం కాదు. జపానులో నీగతా విశ్వవిద్యాలయానికి చెందిన కెనిచి మియజాకి 1990ల నుండి చేసిన ప్రయోగాల గురించి చదివినప్పుడు నాకు ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. ఆధారస్వరాన్ని కొంచెం తప్పించి, దాని నుండి మరొక స్వరానికి ఉన్న దూరం చెప్పమంటే, నిరపేక్ష జ్ఞానం కలవారు తడబడ్డారు. ఒకే వరుసను వేరు శ్రుతికి మార్చి వినిపించి, రెండూ ఒకటేనా కాదా అని అడిగినప్పుడు, ఆ శక్తి లేనివారే మెరుగుగా చెప్పారు. పేరు వెంటనే స్ఫురించడం, సంబంధాన్ని వినడానికి కొన్నిసార్లు అడ్డు వస్తుందన్నమాట.

సంబంధం అనే మాట దగ్గర మా వ్యాకరణశాస్త్రం ఒక మాట ఎప్పుడో చెప్పి ఉంచింది. ఉచ్చంగా పలికేది ఉదాత్తమనీ, నీచంగా పలికేది అనుదాత్తమనీ పాణిని సూత్రాలు. అక్కడ కాత్యాయనుడు ఆక్షేపణ లేవదీశాడు: ఎత్తు, పల్లం అనేవి స్థిరమైనవి కావు కదా, వాటితో నిర్వచనం ఎలా కుదురుతుంది అని. పతంజలి మహాభాష్యంలో దానికి ముచ్చటైన ఉదాహరణ ఇచ్చాడు. వల్లె వేస్తున్న ఒకణ్ణి చూసి ఒకడు "ఎందుకలా అరుస్తావు, మెల్లగా చదువు" అంటాడు. అదే చదువు విని మరొకడు "పళ్ళ మధ్య గొణుగుతావేమి, గట్టిగా చదువు" అంటాడు. దీనికి సమాధానం, ఒకే ప్రక్రమంలో, అంటే ఒకే ఆధారంలో పోల్చి చెప్పినప్పుడు ఎత్తూ పల్లమూ సిద్ధిస్తాయని. రెండువేల యేళ్ళకు పైబడిన చర్చ ఇది. కోకిలకు వేసిన ప్రశ్న కాత్యాయనుడు అప్పుడే వేశాడు.

మన సంగీతం ఈ ఆధారం మీదనే నిలిచింది. షడ్జమం ఇన్ని కంపనాల వద్ద ఉండాలని మన శాస్త్రం ఎక్కడా శాసించలేదు. పాడేవారి గొంతు ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ. మగవారు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య, ఆడవారు నాలుగున్నర, ఆరు మధ్య పెట్టుకుంటారు. ఎవరు ఎక్కడ పెట్టుకున్నా తోడి తోడియే, కల్యాణి కల్యాణియే.

ఇంకా ఆశ్చర్యమైనది గ్రహభేదం. మోహనరాగంలోని అయిదు స్వరాలను తీసుకోండి. ఒక్క మెట్టు కూడా మార్చకండి. రిషభాన్ని షడ్జమంగా భావించి వినండి, అది మధ్యమావతి. గాంధారాన్ని షడ్జమం చేస్తే హిందోళం. పంచమాన్ని చేస్తే శుద్ధసావేరి. ధైవతాన్ని చేస్తే శుద్ధధన్యాసి. అవే అయిదు మెట్లు, అవే కంపనాలు. మెట్ల పేర్లు మాత్రమే చెప్పగల చెవికి ఈ అయిదూ ఒకటే. ఎక్కడ ఇల్లు కట్టుకున్నామో తెలిసిన చెవికి ఇవి అయిదు వేర్వేరు లోకాలు. నిఘంటువు కంఠస్థం చేసినంత మాత్రాన ఎవరూ కవి కారని మాకు గురువులు చెప్పేవారు. పదం తెలియడం వేరు, ఆ పదం ఈ పాదంలో పక్కపదంతో కలిసి ఏమవుతుందో తెలియడం వేరు. నిఘంటువు అక్కరలేదని కాదు. హార్మోనిస్టుగారి వంటి చెవి ఉన్నవారు ఒక్కసారి విని స్వరం రాసిపెట్టగలరు. తంబుర తీగ కాస్త దిగితే అందరికంటె ముందు కనిపెట్టగలరు. అది గొప్ప సౌకర్యం. ఉంటే సంతోషం.

పోనీ, ఆ నిరపేక్షమైనా నిజంగా నిరపేక్షమా? హార్మోనియంలో ఆరో మెట్టుకు సెకనుకు 440 కంపనాలని నేడు లెక్క. ఈ 440 దైవదత్తం కాదు. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం 435 అని నిర్ణయించింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440ని ఒప్పుకుంది. ఈనాటికీ ఐరోపా పాతసంగీతాన్ని ఆనాటి రీతిలో వాయించే బృందాలు 415కు దించుకుంటాయి. అది మన లెక్కలో ఇంచుమించు అయిదున్నర. అంటే ఈ "నిరపేక్ష" జ్ఞానం కూడా మనుషులు కూర్చుని చేసుకున్న ఒక ఒప్పందాన్ని గుర్తుపెట్టుకోవడమే.

ఆ గుర్తు సైతం జరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రయోగంలో, ఈ శక్తి ఉన్నవారికి బ్రామ్స్ స్వరపరచిన సింఫనీని వినిపిస్తూ, వారికి తెలియనంత నెమ్మదిగా శ్రుతిని అర్ధస్వరంలో మూడోవంతు దించారు. తరువాత పరీక్షిస్తే, దిగిన స్వరాలే వారికి సరైనవిగా తోచాయి. వయసు మీరినకొద్దీ కొందరికి ఈ కొలబద్ద దానంతటదే జరిగిపోతుంది. రష్యాకు చెందిన మహా పియానో విద్వాంసుడు స్వ్యతొస్లావ్ రిఖ్తెర్‌కు వృద్ధాప్యంలో వేళ్ళు నొక్కే మెట్టు ఒకటి, చెవికి వినబడే స్వరం మరొకటి అయింది. జీవితమంతా నమ్ముకున్న చెవి అలా మోసగించడం ఎంత బాధాకరమో ఊహించుకోవచ్చు. అయినా ఆయన కచేరీలు చేస్తూనే ఉన్నారు.

ఇవన్నీ తొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పలేను. అందుచేత ఒక ఆదివారం ఫోనులో పిలిచి "శ్రీ గణనాథ" గీతం పాడమన్నాను. పాడింది. నా దగ్గరున్న శ్రుతిపెట్టెతో సరిచూసుకుంటే షడ్జమం అయిదుకు దగ్గరగా ఉంది. "ఇంకా కిందినుంచి మొదలుపెట్టమ్మా" అన్నాను. నాలుగు దగ్గర అందుకుంది. గీతం మొత్తం దాని వెంట దిగివచ్చింది, ఏ స్వరమూ పైన మిగిలిపోలేదు. పైనుంచి మొదలుపెట్టమంటే అలాగే మొత్తం పైకెక్కింది. ఆ తరువాత నా కాకిగొంతుతో నేనొక ఆవర్తం పాడుతూ, కావాలని శుద్ధరిషభం బదులు చతుశ్శ్రుతి రిషభం వేశాను. వెంటనే నవ్వి "తాతయ్యా, అది వేరే రాగం" అంది. ఏ రాగమో దానికి తెలియదు. మలహరి కాదని తెలుసు.

నేను మా అబ్బాయికి చెప్పినది ఇంతే: ఆ ఆట పెట్టిన పరీక్ష చెవి స్వరాల పేర్లు గుర్తుపెట్టుకుందా అని. నేను పెట్టిన పరీక్ష చెవి స్వరాల బంధుత్వాలు వింటోందా అని. మొదటిదానిలో ఇరవైకి మూడు వచ్చాయి. రెండవదానిలో ఒక్కటీ తప్పలేదు. సంగీతం నేర్చుకోవడానికి కావలసింది రెండవది. అది సాధనతో ఏ వయసులోనైనా పెరుగుతుంది. ఇక తాళం, గొంతు, ఓపిక, ఇష్టం వేరే లెక్కలు. అవి ఉన్నాయో లేవో నాలుగేళ్ళు నేర్చుకుంటే గాని తెలియదు. అతడు వేసవి సెలవులదాకా ఆగి చూద్దామన్నాడు. పిల్ల ఏమీ అనలేదు. ఆ మరుసటి వారం క్లాసుకు వెళ్ళిందని కోడలు చెప్పింది.

మరొక్క మాట. ఆ పేర్లు తెలియని జ్ఞాపకం మనందరిలోనూ కొంత దాగి ఉన్నది. డానియెల్ లెవిటిన్ అనే పరిశోధకుడు 1994లో ప్రకటించిన ప్రయోగంలో, 46 మందిని తమకు బాగా తెలిసిన పాటలను జ్ఞాపకం నుండి పాడమన్నారు. ఒక్కొక్కరికి రెండు ప్రయత్నాలు. కనీసం ఒకదానిలో, మూలంలోని శ్రుతినే సరిగ్గా అందుకున్నవారు 40 శాతం. ఏళ్ళ తరబడి రేడియోలో విన్న ఘంటసాల పాటను పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ కూనిరాగం తీసినప్పుడు, మన షడ్జమం రికార్డులోని షడ్జమానికి దగ్గరగానే పడుతుండవచ్చు. సరిచూసే హార్మోనిస్టు పక్కన లేడు కనుక మనకు తెలియదు.

చదువరులలో సంగీతం క్రమంగా నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు. వారికొక విన్నపం. తొలిరోజు మీ గురువుగారు మిమ్మల్ని ఎదుట కూర్చోబెట్టుకొని ఏమి పరీక్షించారు? శ్రుతిపెట్టె మీట నొక్కి "స" అనమన్నారా, మరేదైనా అడిగారా? మీ అనుభవాలు రాస్తే, వాటిని మా మనుమరాలికి చదివి వినిపిస్తాను. "నిరపేక్ష శ్రుతిజ్ఞానం" కంటె మంచి మాట ఎవరికైనా తోస్తే అది కూడా తెలియజేయగలరు.